గొంతు దారిలో ఉంది

బావకి,

నడిసముద్రంలో ఉన్న నీకు ఒడ్డున ఉన్న నీ మరదలు రాస్తున్నది. ఇక్కడ అత్తా, నేనూ, మన బుడంకాయా కులాసా. నువ్వూ నీ ఇంజనూ కులాసా అని తలుస్తాను. ఉత్తరమన్నాక ఈ ముక్క పడాలి కాబట్టి రాశాను బావా. తింటున్నాం, పడుకుంటున్నాం, తెల్లారితే లేస్తున్నాం. దాన్ని కులాసా అనకపోతే ఇంకేమంటారో నాకు తెలీదు.

నీ ఉత్తరం ఓడ ఏజెంటు ఆఫీసులో అందుకున్నాను. ఈ రోజుల్లో కూడా ఉత్తరాలేమిటమ్మా అని అక్కడి గుమాస్తా నవ్వాడు. ఓడలో నెట్టుకి నాలుగు ముక్కలు మోసే బలం కూడా లేదని, నా వాగుడు నాలుగు ముక్కల్లో ఇమిడేది కాదని ఆయనకి ఎలా చెప్పను? నేనూ పళ్ళికిలించి వచ్చేశాను. ఈమధ్య నాకు అన్నిటికీ అదే జవాబు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. అత్త మోకాలు అలాగే ఉంది. డాక్టరు పట్టీ ఇస్తే కట్టుకోదు. కట్టుకుంటే ముసలిదాన్నైపోయానని వీధంతా తెలిసిపోతుందట! నీ పంతం ఎక్కణ్ణుంచి వచ్చిందో నేను వేరే చెప్పాలా? నీళ్ళ మోటారు బాగు చేయించాను. మెకానిక్కు విప్పి, బిగించి, కాసిని మరలు నేలమీద మిగిల్చాడు. ఇవెక్కడివని సైగ చేసి అడిగితే, "అవి ఎక్స్‌ట్రా అమ్మా" అన్నాడు. మోటారు తిరుగుతోంది కాబట్టి ఊరుకున్నాను. అదే మునుపటి నేనైతే ఆ మరలు ఆయన చేత ఎక్కడ బిగింపించేదాన్నో నీకు తెలుసు. తిండి మెత్తగా చేసుకుంటున్నాను, మింగుడు పడుతోంది. ఆపరేషనులో గొంతు తీసేసి మెడ దగ్గర పెట్టిన చిల్లుకి గుడ్డ మార్చుకోవడం జడ వేసుకున్నంత అలవాటైపోయింది. దగ్గు వచ్చినప్పుడు మాత్రం ఇంకా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాను. దగ్గు మెడలోంచి వస్తుందని చేతికి ఇంకా తెలీలేదు.

పార్సిల్ సంగతి నువ్వు ఉత్తరం మొదట్లో ఒకసారి, చివర్లో ఇంకోసారి అడిగావు. వస్తాను, దానికీ వస్తాను. నేను అసలు సంగతికి ఎప్పుడైనా తిన్నగా వచ్చానా? ఊరంతా చుట్టబెట్టి గానీ రాను కదా.

బస్టాండులో నన్ను మైకు గదిలోంచి తీసి సామాన్ల గదిలో వేశారు. ప్రయాణికులు మర్చిపోయిన గొడుగులు, సంచులు, టిఫిను డబ్బాలు, ఒంటి చెప్పులు, వీటికి నేను కాపలా. "నీకు ఇక్కడైతే మాట్లాడే అవసరం ఉండదమ్మా" అన్నాడు మేనేజరు. మంచివాడే, మంచికే అన్నాడు. కానీ వచ్చినవాడు "నాది నల్ల సంచి" అంటాడు. గది నిండా నల్ల సంచులే. పట్టీ ఉందా నాయనా, జిప్పుందా, లోపలేముంది అని అడగాలా వద్దా? పలకమీద రాసి చూపిస్తే కళ్ళద్దాలు తేలేదంటాడు. చివరికి గది తలుపు తీసి, నీ ఇష్టం వచ్చింది పట్టుకుపో అన్నట్టు చెయ్యి చూపిస్తాను. నోరున్నవాడిదే రాజ్యం అంటారు. నాకు ఆ మైకు గది నిజంగానే రాజ్యం బావా. నా నోటికి జడిసి డ్రైవర్లు ప్లాట్‌ఫారం మీద హారన్ కొట్టేవాళ్ళు కాదు. ఇప్పుడు అక్కడ కంప్యూటరు మాట్లాడుతోంది. బస్సు బయలుదేరిపోయాక, బయలుదేరబోతోందని చెబుతుంది. జనం దాన్ని తిడుతుంటే నాకు లోలోపల సంతోషంగానే ఉంటుంది. ఏం చెయ్యను, నా బుద్ధి అంతే.

నువ్వు రేవులోంచి ఫోను చేసినప్పుడు నేను ఫోను మీద గోటితో కొడతాను కదా, ఒకసారి కొడితే అవును, రెండుసార్లు కొడితే కాదు అని. పోయినసారి నువ్వు "దిగులుగా ఉన్నావా" అని అడిగావు. నేను రెండుసార్లు కొట్టాను. అదీ అబద్ధమే. ఒకసారి కొట్టి ఊరుకుంటే తర్వాత నువ్వు "ఎందుకు" అంటావు. ఎందుకు అన్నదానికి గోటి దగ్గర జవాబు లేదు.

బుడంకాయ అక్షరాలు నేర్చుకుందా అని అడిగావు. రాస్తోంది. రాయడానికేం, ఇంట్లో గోడలన్నీ దానివే. మాట్లాడటమే లేదు.

నువ్వు వెళ్ళిన కొత్తలో నాతో మామూలుగానే మాట్లాడేది. నేను పెదాలు ఆడించి, చేతులు తిప్పి జవాబు చెప్పేదాన్ని. రానురాను దానికేం తోచిందో, అమ్మ మాట్లాడటం లేదంటే అమ్మకి వినపడటం లేదనుకుంది. ఆకలేస్తే నోట్లో వేళ్ళు పెట్టి చూపిస్తుంది. నిద్రొస్తే చెంప కింద చెయ్యి పెడుతుంది. బళ్ళో ఎవరైనా కొడితే తన వీపు మీద తానే కొట్టుకుని చూపిస్తుంది. ఒకరోజు దాని గడ్డం పట్టుకుని, నా చెవి చూపించి, దాని నోరు చూపించి, నాకు వినపడుతుందే తల్లీ, నువ్వు మాట్లాడవే అని బతిమాలాను. అది కిలకిలా నవ్వి తన చెవి చూపించి, నా నోరు చూపించింది. ఆట అనుకుంది.

బళ్ళో టీచరమ్మ పిలిపించింది. "పిల్ల అసలు నోరు విప్పటం లేదండీ, అన్నీ సైగలే. ఇంట్లో మీరు దానితో కాస్త మాట్లాడుతుండాలి" అని నాతోనే అని, అన్నాక నాలిక్కరుచుకుంది. పాపం, ఆమె మొహం చూసి నాకే జాలేసింది. ఇంటికొచ్చేదాకా అత్త నా చెయ్యి వదల్లేదు. ఏడ్చే పనైతే ఎప్పుడో ఏడ్చేదాన్ని బావా. నాకు ఏడుపుకి కూడా చప్పుడు లేదు. పక్కగదిలో ఉన్నవాళ్ళకి తెలియని ఏడుపు ఏం ఏడుపు!

నాకు ఆ పార్సిల్లో వచ్చే మాట్లాడే మిషను ఎందుకు కావాలో నీకు అర్థమైంది కదా. బస్సుల పేర్లు పిలవడానికి కాదు, నీతో ఫోనులో పోట్లాడటానికి కూడా కాదు. బుడంకాయ బడి నుంచి వచ్చినప్పుడు "ఏం జరిగిందే, చెప్పు" అని ఒక్క మాట అనడానికి. నేను అడిగితే అది చెబుతుంది. అడిగే గొంతు ఇంట్లో ఉంటే పిల్ల నోరు అదే తెరుచుకుంటుందని డాక్టరమ్మ కూడా అంది.

ఇక పార్సిల్. ఎందుకింత ఆలస్యం, ఎక్కడైనా పొరపాటు చేశావా, మొదట్నించీ రాయి అన్నావు. పొరపాటు చేశాను గానీ నువ్వు అనుకుంటున్నది కాదు. డాక్టరమ్మ చీటీ మీద మిషను పేరు రాసిచ్చి, ఇది ఇక్కడ దొరకదు, బయటి దేశం కొట్లో నెట్టు మీద కొనుక్కోవాలి అంది. గొంతు పక్కన ఆనించి మీట నొక్కితే గుయ్యిమంటుందట. ఆ మోతని పెదాలతో, నాలుకతో మాటలుగా మలుచుకోవాలట. నా కోతకి వేరే దారి కుదరదని కూడా చెప్పేసింది. నెట్ సెంటరు అక్క ఆ కొట్టు వెతికిపెట్టింది. వస్తువు ఉంది, బొమ్మ ఉంది, కొన్నవాళ్ళు మెచ్చుకుంటూ రాసిన మాటలున్నాయి. కింద ఎర్ర అక్షరాలతో "మీ ప్రాంతానికి మేము పంపము" అనీ ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని ఊరికే అన్నారా?

నువ్వు నీ ఓడ ఆగే రేవుకి తెప్పిస్తానన్నావు. అది రేవు చేరేసరికి నీ ఓడ లంగరెత్తేసింది, పార్సిల్ తిరుగు టపాలో కొట్టుకే పోయింది. అందుకు నిన్నేమీ అనను. ఓడ నీ తాతది కాదు కదా, ఆగమంటే ఆగడానికి.

అప్పుడు అక్కే ఇంకో దారి చెప్పింది. ఆ దేశంలో గోడౌన్లు ఉంటాయట. వాళ్ళకి రుసుము కడితే అక్కడ మన పేరున ఒక అడ్రసు ఇస్తారు. కొట్టువాడు ఆ అడ్రసుకి పంపిస్తాడు, గోడౌన్‌వాడు మనకి పంపిస్తాడు. సరే అన్నాను. ఇక్కడ అద్దె ఇంట్లో ఉంటూ, జన్మలో చూడని ఊళ్ళో వీధి పేరూ డోరు నంబరూ సంపాదించాను. ఆలూ లేదు చూలూ లేదు అన్నట్టు ఇల్లు లేకుండానే అడ్రసు! తీరా కొనబోతే కొట్టువాడు మన కార్డు ఒప్పుకోడు. కార్డు ఒక దేశానిది, అడ్రసు ఇంకో దేశానిది, ఇదేదో దొంగ బేరమని వాడి అనుమానం. చివరికి గోడౌన్‌వాడే మన తరఫున కొన్నాడు. అక్కడితో అయిందా? లోపల బ్యాటరీ ఉంది కాబట్టి విమానంలో ఎక్కనివ్వరు, ఓడలో పంపుతాం అని మెసేజి పెట్టాడు.

ఓడ అనగానే నాకు నువ్వే గుర్తొచ్చావు. నీ ఓడలోనే ఏదో పెట్టెలో నా గొంతు ఉందేమో, తెలీకుండా నువ్వే మోసుకొస్తున్నావేమో అని పలకమీద రాసి అత్తకి చూపించాను. అత్త పడీపడీ నవ్వింది. నవ్వి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

పార్సిల్ ఇంకా ఓడలోనే ఉందని పోయిన ఉత్తరంలో రాశాను. దాని ముందు ఉత్తరంలోనూ అదే రాశాను. ఈసారీ అదే రాసి చేతులు దులుపుకుందామని కూర్చున్నాను. కలం కదల్లేదు. బావా, నీకు అబద్ధం రాశాను. మిషను ఎప్పుడో వచ్చింది.

కోపం తర్వాత తెచ్చుకో, ముందు విను. పొద్దున్నే కొరియరాయన వచ్చి సంతకం పెట్టించుకున్నాడు. పెట్టె చూస్తే కుక్కర్ పట్టేంత ఉంది, విప్పితే కాగితం ముద్దల మధ్య టార్చిలైటంత వస్తువు. అత్తకి చూపించకుండా బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పి ప్రాక్టీసు చేశాను. మెడమీద ఎక్కడ ఆనిస్తే పలుకుతుందో దొరకడానికే చాలాసేపు పట్టింది. ఒకచోట పెడితే ఉత్త మోత, ఇంకోచోట పెడితే దవడ అదురుతుంది తప్ప మాట లేదు. వదలకుండా జరుపుతూ పోయాను. ఉన్నట్టుండి మాట పలికింది. "బుడంకాయ్" అన్నాను. అద్దంలో ఆడేవి నా పెదాలే, వినపడేది మాత్రం ఇంకెవరిదో గొంతు. ఎక్కడం దిగడం లేదు, ఒకటే శ్రుతి. కోపంగా అన్నా ముద్దుగా అన్నా ఒకలాగే ఉంది. అయినా మాటే కదా! ఆ తడినేల మీద గంతులేశాను బావా, జారి పడాల్సింది.

బయటికొచ్చి, "అత్తా, మోకాలికి పట్టీ కట్టుకో" అన్నాను. మీ అమ్మ చేతిలో గిన్నె కింద పడేసింది. "వచ్చిందే! నోరొచ్చిందే నీకు! రావడం రావడం నన్ను సాధించడానికే వచ్చిందే" అంటూ నన్ను కావిలించుకుంది. ఆ పూట మేమిద్దరం ఎంత మాట్లాడుకున్నామో! అత్త ఊరికే నా చేత అదీ ఇదీ అనిపించింది. పక్కింటావిడని తిట్టమంటే తిట్టాను కూడా.

ఇక్కడ నీకొకటి చెప్పాలి. నేను మాట్లాడటం లేదని బుడంకాయ మొదట్లో ఏడ్చినప్పుడల్లా, దాన్ని ఊరుకోబెట్టడానికి అత్త "అమ్మ గొంతు పార్సిల్లో వస్తోందమ్మా, దారిలో ఉంది" అనేది. నేనూ తల ఊపేదాన్ని. నెట్ సెంటరు అక్కా అదే చెప్పింది. అదేమో రోజూ నా ఫోనులో పాత వీడియోలు పెట్టుకుని చూసేది. దానికి స్నానం చేయిస్తూ నేను కేకలేస్తున్నవి, జోకొడుతూ పాడుతున్నవి. అది ఎదురు చూస్తున్నది ఆ గొంతు కోసమని పెద్దముండలం మాకెవరికీ తట్టలేదు. పొరపాటు అన్నానే, ఇదే.

అది బడినుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విప్పుతోంది. ఎదురుగా కూర్చుని మిషను మెడకి ఆనించి, "బుడంకాయ్, ఇలా రావే, అమ్మని" అన్నాను. ఒక చెప్పు కాలికి ఉండగానే ఆగిపోయింది. జడుసుకుంటుందని అనుకున్నాను, జడుసుకోలేదు. ఏడవనూ లేదు. దగ్గరికొచ్చి నా మెడ చూసింది, మిషను చూసింది. నా చేతిలోంచి దాన్ని మెల్లగా తీసుకుంది. ఎన్నాళ్ళకో నాతో నోరు విప్పి మాట్లాడింది.

"ఇది మనది కాదమ్మా. వేరేవాళ్ళ అమ్మది. తప్పు పంపించారు."

నేను అందుకోబోతే మిషను వెనక్కి దాచుకుంది. "వద్దమ్మా. ఆ పాప ఏడుస్తూ ఉంటుంది కదా. ఇచ్చేద్దాం."

ఒకసారి పక్కింటివాళ్ళ పార్సిల్ మనింటికి వస్తే అత్త పిల్లని వెంటబెట్టుకుని వెళ్ళి ఇచ్చొచ్చింది. మనది కానిది మనం ఉంచుకోకూడదమ్మా అని నేర్పింది. పిల్ల నేర్చుకుంది, దాన్నేమని తప్పుపట్టను? కాగితం ముద్దలన్నీ ఏరి తెచ్చి, మిషను పడుకోబెట్టి, పెట్టె మూసి, దాని చిన్నచేతులతో టేపు చుట్టింది. ఇంట్లో ఉన్న టేపంతా చుట్టేసింది. నేను చూస్తూ కూర్చున్నాను. ఆపుదామంటే ఆపే గొంతు ఆ పెట్టెలోనే ఉంది.

మర్నాడు అత్తని లాక్కుని నెట్ సెంటరుకి వెళ్ళింది. అక్క తర్వాత నాకు చెప్పి ఏడ్చింది. పెట్టె బల్లమీద పెట్టి, "ఇది మార్చివ్వండి ఆంటీ, మా అమ్మది పంపమనండి" అందట. "మీ అమ్మది ఎలా ఉంటుంది తల్లీ" అని ఈవిడ నోరు జారి అడిగింది. అది నా ఫోను తీసి, వీడియో పెట్టి, అక్క చెవి దగ్గర పెట్టి, "ఇలా ఉంటుంది" అందట. అక్క ఏం చెబుతుంది? సరే అమ్మా, వాళ్ళకి రాస్తాను అందట. దారిలో ఉందని ఆవిడ మళ్ళీ చెప్పినట్టే అయింది.

అదిగో, అప్పటినుంచి మళ్ళీ సైగలే. బడినుంచి రాగానే గేటు పట్టుకుని నిలబడుతుంది. కొరియరు బండి చప్పుడైతే మొహం వెలిగిపోతుంది, బండి మన ఇల్లు దాటిపోతే లోపలికొచ్చి కూర్చుంటుంది. పెట్టె అల్మారాలో ఉంది. "పిల్లదానికేం తెలుసే, తీసి వాడు, అదే అలవాటు పడుతుంది" అని అత్త రోజూ పోరుతోంది. ఎలా తియ్యను? ఆ టేపు మీద కత్తెర పెట్టానంటే, ఎవరో పాపని ఏడిపించి ఆ పాప తల్లి గొంతు దొంగిలించినదాన్నవుతాను దాని కళ్ళకి. మింగలేను, కక్కలేను. డాక్టరమ్మకీ చెప్పలేదు, నీకూ రాయలేదు. ఇంకా దారిలో ఉందని రాసినంతసేపూ నాకు కూడా నిజంగా ఏదో వస్తోందనే అనిపించేది. ఇప్పుడు రావడానికి ఏమీ లేదు బావా. అంతా వచ్చేసింది.

నిన్న అది నీ ఫొటో తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. గోడమీద తను వేసిన ఓడ బొమ్మ చూపించింది. తన గొంతు పట్టుకుని, చేతులు రెండూ చాపి, నా వైపు చూసింది. నాన్న తెస్తాడా అని. తల ఊపాను. తల ఊపడంలో అవును, కాదు, రెండే ఉంటాయి. కాదని ఊపడానికి ప్రాణం ఒప్పలేదు. పిచ్చిది, ఇంట్లోకి పరిగెత్తి అత్తకి చెప్పింది, నోటితో. "నానమ్మా, నాన్న తెస్తున్నాడు" అని. అది నాకు చెప్పలేదు చూడు, వినపడేవాళ్ళకి చెప్పింది.

నువ్వు సెలవు మీద దిగే రోజు దగ్గర పడుతోంది. అందుకే ఇప్పుడైనా నిజం రాస్తున్నాను. ఆ రోజు అది నీ మొహం చూడదు, నొచ్చుకోకు. నీ సామాను చూస్తుంది. ఒక్కొక్క సంచీ విప్పమంటుంది. బొమ్మలు తెచ్చినా, బట్టలు తెచ్చినా పక్కన పెట్టి ఇంకా అడుగున వెతుకుతుంది. అన్నీ అయిపోయాక నీ మొహం చూస్తుంది. అప్పుడు దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని నువ్వే చెప్పాలి. అమ్మ గొంతు ఏ గోడౌన్లోనూ లేదని, ఏ ఓడలోనూ లేదని, ఎవరు రాసినా ఎవరూ పంపరని. తల్లిని, నేను చెప్పాల్సిన మాట అది. కానీ ఆ మాట చెప్పడానికి నాకున్న ఒక్క గొంతునీ అది వేరేవాళ్ళకి ఇచ్చేస్తానంటోంది.

ఇట్లు,
దాని తల్లి,
నీ మరదలు